రీలోడింగ్ బల్ల: ముందు డై, ఆ తర్వాతే కట్టర్

ప్రశ్న: పేలిన తూటా కేసులను మళ్లీ నింపే ప్రోగ్రెసివ్ ప్రెస్సుకు బిగించే, కేసు మూతిని కోసి పొడవు సరిచేసే మోటారు ట్రిమ్మర్‌ను .223 రెమింగ్టన్ రైఫిల్ కేసుల కోసం అమర్చాను. కట్టర్ సరిగ్గా 44.45 మి.మీ.కు కుదిరింది. తర్వాత గేజ్‌లో వేసి చూస్తే కేసు భుజం (మెడ కింది వాలు) కాస్త ఎత్తుగా ఉంది. డైని (కేసును కొలతకు నొక్కే ఉక్కు అచ్చును) కొద్దిగా కిందికి తిప్పాను. అప్పట్నుంచి కేసులన్నీ పొట్టిగా వస్తున్నాయి. కట్టర్ వదులైందా?

జవాబు: వదులు కాలేదు, దాన్ని మీరే దింపారు. ఈ రకం ట్రిమ్మర్‌లో మోటారు డై నెత్తిమీదే కూర్చుంటుంది. డై ఎంత దిగితే కట్టర్ అంత దిగుతుంది. డై మరకు అంగుళానికి 14 చుట్లు, అంటే ఒక చుట్టుకు 1.81 మి.మీ. ఎనిమిదో వంతు తిప్పినా 0.23 మి.మీ. తేడా వచ్చేస్తుంది. అందుకే డై పని పూర్తిగా తేలేదాకా కట్టర్ జోలికి వెళ్లకూడదు.

మొదట మోటారు తీసి పక్కన పెట్టండి. మధ్యలో కట్టర్ ఉంటుంది కాబట్టి ఈ డైకి ప్రైమర్‌ను (కేసు అడుగున మందు రగిలించే చిన్న గిన్నెను) తోసే పిన్ను ఉండదు. ప్రైమర్ ముందే తీసేసి, లూబ్ (కందెన) రాసిన కేసును వాడండి. పేలిన కేసు భుజం ఎత్తును, అది కొలిచే సాధనమైన కంపారేటర్‌తో కొలిచి రాసుకోండి. బోల్ట్ రైఫిల్ అయితే సైజింగ్ (డైలో నొక్కడం) తర్వాత అది 0.05 మి.మీ. తగ్గితే చాలు. సెమీ ఆటోమేటిక్‌కు 0.08 నుంచి 0.10 దాకా వెళ్లొచ్చు. 0.05 మి.మీ. అంటే డైని పది డిగ్రీలు తిప్పడమే. గడియారంలో నిమిషాల ముల్లు రెండు నిమిషాలు కూడా నడవనంత! డై మీద, అది బిగించిన టూల్‌హెడ్ మీద పెన్నుతో ఒక గీత గీసుకుంటే ఎంత తిప్పారో కంటికి తెలుస్తుంది. కుదిరాక ఒక కేసును డైలోకి పూర్తిగా ఎక్కించి, ఆ ఒత్తిడి మీదే లాక్ నట్ బిగించండి. ఖాళీగా ఉన్నప్పుడు బిగిస్తే మరలో ఉన్న సందు వల్ల కొలత మళ్లీ కదులుతుంది.

ఇప్పుడు మోటారు సంగతి. ప్లగ్ పీకేసి, కట్టర్‌ను బాగా పైన ఉంచి బిగించండి. గరిష్ఠ పొడవు 44.70 మి.మీ. దాటిన కేసు ఒకదాన్ని ర్యామ్ (కేసును పైకెత్తే కడ్డీ) చివరిదాకా ఎత్తి, కట్టర్ కేసు మూతిని తాకేవరకు మోటారును చేత్తో దింపండి. తాకినచోట బిగించి, ర్యామ్ దించి, కరెంటు ఇచ్చి ఒకసారి కోయండి. కాలిపర్‌తో కొలవండి. మళ్లీ కొంచెం దింపండి, మళ్లీ కోయండి. దింపే ప్రతిసారీ ప్లగ్ తీయాల్సిందే, ఇందులో బద్ధకం పనికిరాదు. 44.45 దగ్గరపడ్డాక ఇంకా కోయని కేసులు ఓ పది తీసుకుని కోసి కొలవండి. ఒక్క కేసు కొలతను నమ్మి మొత్తం డబ్బా కోసేయడమే చాలామంది చేసే పొరపాటు.

ప్రశ్న: కొలత ఒకసారి సరిగ్గా, ఒకసారి 0.15 మి.మీ. ఎక్కువగా, అప్పుడప్పుడు తక్కువగా వస్తోంది. కట్టర్ మొండిబారిందనుకోవాలా?

జవాబు: మొండి కట్టర్ మూతిని గరుకుగా చేస్తుంది, బర్ (అంచున లేచే ఇత్తడి రేకు) పెంచుతుంది. పొడవు ఇలా ఊగిసలాడుతుంటే ప్రెస్సును అనుమానించండి. కేసు అడుగుకూ కట్టర్‌కూ మధ్య దూరమే మీ కొలత. ఆ దూరాన్ని ఏది మార్చినా పొడవు మారుతుంది.

పొడవు ఎక్కువైన కేసులకు ముందు లూబ్ చూడండి. లూబ్ తక్కువైతే సైజింగ్‌కు బలం ఎక్కువ పడుతుంది, ప్రెస్సు ఆ మేరకు సాగుతుంది, కేసు కిందే ఉండిపోతుంది. హ్యాండిల్‌ను చివరిదాకా లాగకపోయినా, షెల్ ప్లేటు (కేసులను పట్టుకుని తిరిగే పళ్లెం) బోల్టు వదులైనా ఫలితం అదే. మరో సంగతి: ప్లేటులో మిగతా స్టేషన్లు (ఒక్కో పని జరిగే చోట్లు) నిండి ఉన్నప్పుడు ఒక రకంగా, ఖాళీగా ఉన్నప్పుడు ఇంకో రకంగా ప్లేటు వంగుతుంది. కాబట్టి ఎలా నడుపుతారో అలాగే నింపి సెట్ చేయండి. పొట్టివైతే కారణం దాదాపుగా ఇత్తడి రజను. కేసు అడుగున చిన్న రేకు ఇరుక్కున్నా అది కేసును పైకెత్తుతుంది, కట్టర్ ఎక్కువ కోస్తుంది. వ్యాక్యూమ్ గొట్టం లేకుండా ఈ పని చేయొద్దు. లూబ్ మరీ ఎక్కువైనా రజను దానికి అంటుకుని డైలో పేరుకుంటుంది, భుజం మీద సొట్టలు పడతాయి.

ప్రశ్న: ట్రిమ్ చేశాక బుల్లెట్ మూతిలోకి దిగడం లేదు, పక్కన రాగి చెక్కుకుపోతోంది.

జవాబు: ట్రిమ్ డై మెడను బాగా బిగిస్తుంది, దాన్ని మళ్లీ విప్పే ఎక్స్‌పాండర్ అందులో ఉండదు. ట్రిమ్ తర్వాత వేరే స్టేషన్‌లో మాండ్రెల్ (మెడను లోపలినుంచి విప్పే కడ్డీ) దింపండి. ఆ తర్వాత లోపలి, వెలుపలి అంచులకు చాంఫర్ (అంచును ఏటవాలుగా గీసే పనిముట్టు) తిప్పండి, రెండు మూడు తిప్పులు చాలు. కత్తిలా పదునెక్కేదాకా తిప్పితే మూతి పలచబడుతుంది.

ప్రశ్న: నాలుగుసార్లు ట్రిమ్ చేసిన కేసు ఇంకా వాడొచ్చా?

జవాబు: లెక్క ట్రిమ్‌ల సంఖ్యతో తేలదు. మూతి దగ్గర మీరు కోసిన ఇత్తడి వచ్చింది కేసు ఒంట్లోంచే. కొస వంచిన సన్నటి తీగను లోపల అడుగుకు కాస్త పైన గోడ వెంట పాకించండి. గాడిలా తగిలితే, లేదా బయట అక్కడ మెరిసే వలయం కనిపిస్తే, ఆ కేసును నలిపి పారేయండి. పొడవు ఎంత సరిగ్గా ఉన్నా అది తర్వాతి పేలుడులో అక్కడే తెగుతుంది. భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నెట్టినకొద్దీ ఈ గాడి తొందరగా వస్తుంది.

ప్రశ్న: 9 మి.మీ. పిస్తోలు కేసులకూ ఇదంతా చేయాలా?

జవాబు: అక్కర్లేదు. అవి సాధారణంగా సాగవు. 19.15 మి.మీ. దాటినవి కనిపిస్తే ఏరి పక్కన పెట్టండి.