పగ్ కుక్కపిల్లను తీసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మేము విజయవాడలో అపార్టుమెంటులో ఉంటున్నాం. ఎనిమిదేళ్ల మా అబ్బాయి పగ్ కావాలని పట్టుబడుతున్నాడు. అమ్మకందారు నలభై రోజుల పిల్లను చూపించి, ముక్కు ఎంత చప్పిడిగా ఉంటే జాతి అంత మేలైనదనీ, గురక సహజమేననీ అంటున్నాడు. పగలు ఇంట్లో మా అత్తగారొక్కరే ఉంటారు. తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: స్వభావం మాటకొస్తే మీ అబ్బాయి కోరికను తప్పుపట్టలేము. చైనా రాజాస్థానాల్లో ఒడి కుక్కగా పెరిగిన జాతి కనుక పగ్‌కు కాపలా బుద్ధి తక్కువ, మనుషులను అంటిపెట్టుకుని ఉండడం ఎక్కువ. 6 నుంచి 8 కిలోల బరువుండే ఈ కుక్క పిల్లలతోనూ, ఇంటిపట్టున ఉండే పెద్దవారితోనూ బాగా కలిసిపోతుంది.

అమ్మకందారు మాటలు మాత్రం నమ్మకండి. పగ్‌కు మూతి ఎముక కురచైనంతగా లోపలి కండర భాగాలు కురచ కాలేదు. అందువల్ల మెత్తని అంగిలి శ్వాసమార్గానికి అడ్డుపడుతుంది, ముక్కు రంధ్రాలు సన్నని చీలికల్లా మూసుకుపోతాయి. మనకు ముద్దుగా వినిపించే ఆ గురక చాలాసార్లు గాలి కోసం అది పడే అవస్థే. కాబట్టి రంధ్రాలు గుండ్రంగా తెరుచుకుని, మూతి కొంతైనా ముందుకు వచ్చిన పిల్లనే ఎంచుకోండి. తల్లిని చూపించమని అడిగి, కాసేపు ఆడిన తరువాత అది ఎలా ఊపిరి తీస్తుందో గమనించండి. పైగా 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నలభై రోజులకే అమ్మజూపేవారి దగ్గర అసలు కొనకపోవడమే మంచిది.

మీ ఊరి ఎండలే నాకు అన్నిటికన్నా పెద్ద బెంగ. కుక్క ప్రధానంగా వగర్చడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. ఊపిరే సరిగా ఆడని పగ్‌కు ఆ వెసులుబాటు తక్కువ. ఉగాది దాటాక తెల్లవారుజామునో, చీకటిపడి రోడ్డు చల్లారాకో మాత్రమే, అదీ మెడపట్టీతో కాక ఛాతీకి తొడిగే హార్నెస్‌తో నడిపించండి. రోహిణి కార్తెలో పగలంతా ఏసీ గది అవసరమవుతుంది. కృష్ణాతీరపు ఉక్కపోతలో కూలర్ అంతగా పనిచేయదు. నాలుక ఊదారంగుకు తిరిగి, చిక్కని చొంగ కారుస్తూ తూలుతుంటే అది వడదెబ్బ. వెంటనే ఒళ్లంతా మామూలు కుళాయి నీటితో తడిపి, ఫ్యాను కింద ఉంచి, ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరండి. ఈ క్రమం మీ అత్తగారికి ముందే చెప్పి ఉంచాలి.

ముఖం మడతలను రోజూ తుడిచి, తడి లేకుండా ఆరబెట్టండి. కళ్లు బయటికి ఉబికి ఉంటాయి కనుక కన్ను ఎర్రబడినా, మూసుకున్నా ఆ రోజే పశువైద్యునికి చూపించాలి.

బరువు పెరిగిన పగ్‌కు ఊపిరి మరింత భారమవుతుంది. పక్కటెముకలు చేతికి తగిలేలా ఉండాలి. అడిగినప్పుడల్లా పెట్టే పెద్దల ప్రేమకు ఇక్కడ కొంత కట్టడి తప్పదు; ముఖ్యంగా ప్రసాదంలోని ఎండుద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కలకు హాని చేస్తాయి.

చిన్నపిల్లే కావాలన్న పట్టు లేకపోతే, వేరే కుటుంబం వదులుకుంటున్న రెండు మూడేళ్ల పగ్‌ను తీసుకోవడాన్నీ ఆలోచించండి. శ్వాస ఇబ్బంది ఉంటే ఆ వయసుకు చాలావరకు బయటపడుతుంది కనుక, ఒక సాయంత్రం పది నిమిషాలు నడిపించి చూసి, పశువైద్యుని చేత పరీక్ష చేయించి నిర్ణయించుకోవచ్చు.