కరెంటు పోయి వచ్చాక ఉబుంటు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దగ్గర ఆగిపోతే

చెన్నై వేళచ్చేరిలో నిన్న రాత్రి కరెంటు పోయి వచ్చిన తరువాత మీ డెస్క్‌టాప్‌లో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ తెరుచుకోవడం లేదని, నల్లని తెర మీద బిజీబాక్స్ పేరూ, దాని కింద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్న ప్రాంప్టూ తప్ప ఏమీ రావడం లేదని రాశారు. కంప్యూటర్ వేయగానే ఉబుంటును లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌ను మరమ్మతు చేయమని ఒకరు, అంతా తుడిచేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమని మరొకరు చెప్పారట. మీ అమ్మాయి థీసిస్ అందులోనే ఉందంటున్నారు కనుక, ఈ రెండు సలహాలనూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ముందుగా యంత్రం ఎక్కడ ఆగిందో చూడాలి. మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ గ్రబ్‌ను లేపుతుంది. గ్రబ్ ఉబుంటుకు గుండెకాయ లాంటి కెర్నెల్‌నూ, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌నూ మెమరీలోకి ఎక్కిస్తుంది. ఆ తాత్కాలిక వ్యవస్థ అసలైన రూట్ పార్టిషన్‌ను, అంటే డిస్క్‌లో ఉబుంటు ఉన్న భాగాన్ని, వెతికి, తనిఖీ చేసి, మౌంట్ చేసి, అంటే వాడకానికి జోడించి, ఆపైన పని మిగతా సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీకి అప్పగిస్తుంది. మీకు ఆ ప్రాంప్ట్ కనిపిస్తున్నదంటే గ్రబ్ తన పని ముగించుకొని తప్పుకున్నదనే అర్థం, కాబట్టి దానిని బాగుచేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. చిక్కంతా రూట్ పార్టిషన్ దగ్గరే ఉంది.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు పెరుంగుడిలోని మా ఇంట్లో కరెంటు పోయి, కొన్ని గంటలకు ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసి, ఫైళ్ళు కాపీ అవుతుండగానే నా కంప్యూటర్ ఆరిపోయింది. కరెంటు వచ్చాక నాకూ ఇదే తెర ఎదురైంది. కంగారులో పవర్ బటన్‌ను అయిదారుసార్లు నొక్కి ఆపుతూ, వేస్తూ గడిపాను. అది శుద్ధ తెలివితక్కువ పని. చేయవలసినదల్లా ఆ ప్రాంప్ట్ దగ్గర ఎగ్జిట్ అని టైపు చేసి ఎంటర్ నొక్కడమే. యంత్రం మరోసారి ప్రయత్నించి, విఫలమై, ఈసారి కారణం కూడా చెబుతుంది.

ఆ కారణం సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది. ఫలానా యూయూఐడీ, అంటే గుర్తింపు సంఖ్య, గల డిస్క్ లేదు అని వస్తే, ఫైల్ సిస్టమ్ చెడిపోవడం కాదు, డిస్కే కనబడడం లేదు. పార్టిషన్ల జాబితా చూపే బీఎల్‌కేఐడీ ఆదేశాన్ని కొట్టి చూడండి. మీ పార్టిషన్ ఆ జాబితాలో లేకపోతే కేబుల్ వదులైందేమో, బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ సెట్టింగులలో, డిస్క్‌ను కలిపే సాటా మోడ్ మారిందేమో పరిశీలించాలి. పాత మదర్‌బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ, అంటే సీఆర్2032, అయిపోయి ఉంటే కరెంటు పోయినప్పుడు బయోస్ సెట్టింగులు మొదటి స్థితికి వెళ్ళిపోతాయి, తేదీ కూడా ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. తేదీ చూస్తే ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది.

అలా కాక, ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసి సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకేను మీరే స్వయంగా నడపండి అని వస్తే, అది నాకు ఎదురైన పరిస్థితి. ఉబుంటు మామూలుగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో జర్నల్, అంటే చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా, ఉంటుంది కాబట్టి హఠాత్తుగా ఆరిపోయినా చాలాసార్లు తనంతట తానే కోలుకుంటుంది. మనిషి సాయం అడుగుతున్నదంటే జర్నల్ సరిపోలేదన్నమాట. ఆ వరుసలో కనిపించే డివైజు పేరును, నా విషయంలో అది ఎస్‌డీఏ2, ఎఫ్‌ఎస్‌సీకే తరువాత ఇచ్చి, అడిగిన వాటికి వై అని చెప్పుకుంటూ పోతే పావుగంటలో నా ఉబుంటు లేచింది. పేర్లు పోగొట్టుకున్న కొన్ని ఫైళ్ళు మాత్రం లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో అంకెల పేర్లతో దొరికాయి.

అయితే మీరు నాలాగా నేరుగా ఎఫ్‌ఎస్‌సీకేకు దిగవద్దు. అది డిస్క్ మీద రాస్తుంది. డిస్కే చావుకు దగ్గరగా ఉంటే ఆ రాతలతో మిగిలినది కూడా పోవచ్చు. వేరే కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటును నడిపే లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి తయారు చేసుకొని, ఇన్‌స్టాల్ కాకుండా ట్రై ఉబుంటు ఎంచుకొని, పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేసి థీసిస్‌ను బయటి డిస్క్‌లోకి తీసుకోండి. తరువాత డిస్క్‌ను పరీక్షించే స్మార్ట్‌మాన్‌టూల్స్ వేసి, అది చూపే పట్టికలో డిస్క్ ఆరోగ్యం చూడండి. హార్డ్ డిస్క్ అయితే 197వ వరుసలో, అంటే చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్కలో, సున్నా కాక మరేదైనా ఉంటే మరమ్మతు ఆలోచన మాని, డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌ను మరొక డిస్క్‌లోకి నకలు తీయడం మేలు. అక్కడ సున్నా ఉంటే పార్టిషన్‌ను అన్‌మౌంట్ చేసి, అదే లైవ్ సెషన్ నుంచి ఎఫ్‌ఎస్‌సీకే నడపవచ్చు.

నేను ఈ పరీక్ష చేయలేదు. రెండు వారాల తరువాత, కరెంటు పోకుండానే, మళ్ళీ అదే తెర వచ్చింది. అప్పుడు చూస్తే 197లో సున్నానే ఉంది కానీ, కేబుల్ మీద డేటా చేరవేతలో జరిగే సీఆర్‌సీ తప్పులను లెక్కించే 199వ వరుస రోజురోజుకూ పెరుగుతున్నది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్ళి కొత్త సాటా కేబుల్ కొని మార్చాను. ఆ లెక్క కేబుల్ మార్చినా సున్నాకు రాదు కాబట్టి, అంకె ఎంత ఉందని కాక, పెరుగుతున్నదా లేదా అన్నదే చూడాలి. నాది ఆ రోజు నుంచి 212 దగ్గరే ఆగి ఉంది.