ఫోన్లో చెప్పిందే రాయి

నల్లగొండ

తమ్మీ,

ఆస్ట్రేలియా ఎడారిలో ఓపల్ అనే రంగురాళ్ల గనులున్న ఊరు కూబర్ పీడీకి పోయి వచ్చి నువ్వు రాసి పంపిన యాత్రావ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో సూర్యాస్తమయం, రెండో పేజీలోనూ సూర్యాస్తమయం, మూడో దాంట్లో ‘ఎడారి అనంత నిశ్శబ్దం’. ఆ నిశ్శబ్దం నాకు నమ్మబుద్ధి కాలేదు. పోయిన నెల ఇదే ప్రయాణం ఫోన్లో గంటసేపు చెప్పావు కదా, అందులో ఒక్క నిమిషం నిశ్శబ్దం లేదు. కారు ఏసీ పోవడం, దారిలో గ్లెండాంబో అనే చిన్న ఊళ్లో పెట్రోలు పోయించకుండా వచ్చేశావని మరదలి గొడవ, ఇక 250 కిలోమీటర్ల దాకా బంకే లేదని తెలిసి వెనక్కి తిప్పడం, వెనక ట్రెయిలర్లు వరసగా తగిలించుకున్న 53 మీటర్ల లారీ, అదే రోడ్ ట్రెయిన్, ఎదురుగా వచ్చి దాటిపోతే కారు ఊగిన ఊపు. అవన్నీ ఎటు పోయాయి?

అడిలైడ్ నుంచి దాదాపు 850 కిలోమీటర్లు అని రాసి వదిలేశావు. మీ అమ్మకు అది వట్టి అంకె. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు నాలుగుసార్లు పోయి వచ్చినంత దూరం, సగం దారి దాటాక చాయ్ తాగాలన్నా ఊరు దొరకడం కష్టం అని రాస్తే ‘అయ్యో’ అంటుంది.

గనివాళ్లు పారబోసిన మట్టిదిబ్బల్లో ఓపల్ ముక్కలు వెతుక్కోవడాన్ని ‘నూడ్లింగ్’ అంటారని నాలుగు లైన్లు వివరించావు. మన దగ్గర పల్లికాయ పీకేశాక మిగిలినవాటి కోసం ఆడవాళ్లు, పిల్లలు చేలోకి పోయి ఏం చేస్తారు? పరిగె ఏరుకుంటారు. చిన్నప్పుడు నువ్వూ ఏరావు. ఆ మాట నీకు ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాలేదు. గనిలోంచి మట్టిని పీల్చి దిబ్బపోసే బ్లోయర్ లారీ సంగతీ అంతే. బోరు బండి లేపే తెల్ల దుమ్ము తెలియనివాడు మన జిల్లాలో ఉన్నాడా?

1915లో అక్కడ ఓపల్ దొరికింది పద్నాలుగేళ్ల విల్లీ హచిసన్‌కు. బంగారం కోసం తిరుగుతున్న తండ్రి బృందంతో వచ్చి, నీళ్లు వెతకబోతే రాయి కనిపించింది. దీన్ని ‘చరిత్ర’ అని ఒక మూలకు తోసేశావు. నీళ్ల కోసం పోతే రాయి తగలడం మన వైపు ఏటా ఎండాకాలం జరిగే పనే. మీ బాపు వేయించిన మూడు బోర్లు గుర్తున్నాయా? కాకపోతే ఆ పిల్లవాడి రాయికి రేటుంది.

ఈ తప్పు నేనూ చేసినవాణ్ణే. కొత్తలో తాండూరు నాపరాయి గనుల మీద ‘శిలల మౌనరోదన’ అని రాశాను. అచ్చయింది కూడా, సిగ్గు లేకుండా. గనిలో పనిచేసే ఒకాయనకు చదివి వినిపిస్తే, ‘మంచిగుంది సార్, బండ ఎట్ల లేపుతమో ఏడ రాసినవ్?’ అన్నాడు. మళ్లీ పోయి పొద్దంతా కూర్చున్నాను. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆయన ముందు సుత్తెతో తట్టి విన్నాడు. ఖంగుమంటే మంచి బండ, మొద్దుగా మోగితే లోపల పగులు. తర్వాత పొర సందులో గడ్డపార దింపి ఇద్దరు మనుషులు మీద వాలారు. ఎవరూ రోదించలేదు. బండ లేచినప్పుడు కింద నుంచి తడిమట్టి వాసన వచ్చింది.

అక్కడివాళ్లు నేల లోపల తొలిచి కట్టుకున్న ఇళ్లను ‘అద్భుతం’ అన్నావు. ఆ మాట కొట్టేసి, గోడల మీద తవ్వే మిషను పళ్లు గీసిన గుండ్రటి గీతలు పెట్టు, చాలు.

ఇక ఆ గుంత. ‘పరుగెత్తొద్దు, వెనక్కి నడవొద్దు’ అన్న బోర్డు పక్కనే నువ్వు ఫొటో కోసం వెనక్కి నడిచావు. మరదలు అరిస్తే ఆగావు. తిరిగి చూస్తే రెండడుగుల్లో గని నోరు. వింటుంటేనే నాకు టెన్షన్ వచ్చింది. వ్యాసంలో మాత్రం ‘ఇక్కడ ప్రమాదకరమైన గుంతలు కలవు’ అని ఉంది, పంచాయతీ నోటీసులాగా. అక్కడి నుంచే మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. నీ కాలు తగిలి ఒక రాయి లోపలికి పోయిందన్నావు. అది అడుగున పడ్డ చప్పుడు వినబడిందా? ఆ రోజు అడగడం మరిచిపోయాను.

అన్న