అడవి విద్యకు తోడెవరు?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 27. ఏడాదిగా బుష్‌క్రాఫ్ట్, అంటే అడవిలో చేతికందినవాటితో బతకడం నేర్చుకునే విద్య, పిచ్చి పట్టుకుంది. వీడియోలు చూసి ముడులు నేర్చుకున్నాను, నిప్పు రాజేసే ఫెర్రో రాడ్ కొన్నాను, డాబా మీద టార్పాలిన్‌తో గుడారం కూడా కట్టాను. అంతా ఒక్కడినే. ఫ్రెండ్స్‌ని రమ్మంటే స్పీకరూ బిర్యానీ పొట్లాలూ పట్టుకొస్తారు. ఒక్కడినే అడవికి పోతానంటే అమ్మ ఒప్పుకోదు. మన దగ్గర ఇవి కలిసి చేసేవాళ్లు దొరుకుతారా? – ఒక పాఠకుడు

జవాబు: ముందు అమ్మ మాట విను బాబూ. ఏటూరునాగారం, పాకాల రెండూ అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోకూడదు, నిప్పు సంగతి సరేసరి. తెలిసినవాళ్ల మామిడితోటో చెలకో చూసుకో, అడిగి పో. ఎండాకాలంలో అక్కడ కూడా మంట వద్దు.

ఇక మనుషుల సంగతి. నేను ఇరవై ఆరేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా, స్కౌట్ మాస్టరుగా చేశాను. ములుగు వైపు ఒక క్యాంపులో వానకి అగ్గిపెట్టెలన్నీ నానిపోయాయి. పదహారు మంది పిల్లలు ఆకలితో ఉన్నారు, పొయ్యి అంటుకోదు. గొంగడి కొప్పెర వేసుకుని పోతున్న గొర్ల కాపరి ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. నడుము సంచిలోంచి చెకుముకి రాయి తీశాడు. దాని అంచుకి చిటికెడు బూరుగు దూది ఆనించి, బొటనవేలితో అదిమిపట్టి, ఉక్కు ముక్కతో కొట్టాడు. మూడో దెబ్బకి దూదిలో ఎర్రచుక్క కనబడింది. నేను ఆత్రంగా ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అరచేతులు దొప్పలా చేసి కాసేపు అట్లాగే కాచి, ఎండు పీచులో పెట్టి, అప్పుడు సన్నగా ఊదాడు. ఊదాలని నాకూ తెలుసు, ఎప్పుడు ఊదాలో తెలియదు. మంట వెలిగిన సంబరంలో ఆయన పేరు కూడా అడగలేదు. అది ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అందుకని బుష్‌క్రాఫ్ట్ అనే మాట పట్టుకుని వెతక్కు. పని తెలిసినవాళ్లలో చాలామంది ఆ మాటే విని ఉండరు. నీకు ముడులు కావాలా? ఊరి బయట తాటివనానికి పో. గీత కార్మికుడు చెట్టెక్కే తాడు, మోకు, బిగించేది దగ్గరగా చూడు. ఆ ముడి మీద ఆయన ప్రాణమే ఉంటుంది. చెట్టు మీంచి పడకుండా కాపాడే 'కాటమయ్య రక్ష' కిట్లు కూడా ప్రభుత్వం 2024లో ఇవ్వడం మొదలుపెట్టింది కాబట్టి పాత పద్ధతీ కొత్త పద్ధతీ ఒకే చెట్టు కింద కనిపించవచ్చు. పొద్దుటి గీత అయిపోయాక, ఆయన నీడన కూర్చున్నప్పుడు అడుగు: "అన్నా, ఈ ముడి ఒకసారి చూపెడ్తవా?" అని. ఫోన్ జేబులోనే ఉంచు. ఆయన సమయం తీసుకుంటున్నావు కదా, ఆ పూట కూలి లెక్కన చేతిలో పెట్టు. మొహమాటంతో వద్దన్నా పెట్టు. వెదురు చీల్చడం మేదరివాళ్ల దగ్గర చూడు. కత్తి కంటే, ఎడమచెయ్యి వెదురుని పట్టుకునే తీరు మీద కన్నేసి ఉంచు.

నీ ఈడువాళ్లు కావాలంటే మరో దారి ఉంది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జిల్లా శాఖకి పో. అక్కడ రోవర్లనే పెద్ద కుర్రాళ్ల విభాగం వయసు 25తో అయిపోతుంది కాబట్టి సభ్యుడిగా కాదు, పెద్దలకిచ్చే బేసిక్ కోర్సు గురించి అడుగు. కర్రలూ తాళ్లూ పట్టుకుని వంతెన కట్టే మనుషులు అక్కడే ఉంటారు. కాజీపేటలో రైలెక్కితే భువనగిరి. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ తీసుకున్న రాక్ క్లైంబింగ్ స్కూలు ఆ గుట్ట దగ్గరే. రాళ్లెక్కడం వేరే విద్యే అయినా, తాడు పట్టుకున్నప్పుడు పక్కవాడిని చూసుకునే అలవాటున్నవాళ్లు అక్కడ కనబడతారు. తోడుగా నాకైతే అలాంటివాళ్లే కావాలి.

ఒక్క జాగ్రత్త. పగటిపూట రెండుసార్లు కలవకుండా ఎవరితోనూ రాత్రి మకాం పెట్టుకోకు. మొదటిరోజే నాలుగు కత్తులు పరిచి చూపించేవాడితో అసలే వద్దు.

"సర్వైవల్ గ్రూపులో చేరండి" అని పిలిస్తే వందమంది ఊఁ అంటారు, ఒక్కడూ రాడు. నేను మా కాలనీ పిల్లల కోసం గోడకి అంటించిన కాగితం ఇది, కావాలంటే వాడుకో: "ఆదివారం పొద్దున 7 గంటలకు, స్కూలు వెనక వేపచెట్టు కింద. నాలుగు ముడులు, ఒక టార్పాలిన్. ఎవరి తాడు వాళ్లు తెచ్చుకోవాలి. 9 గంటలకి ఇంటికి." మొదటివారం ఇద్దరొచ్చారు, అందులో ఒకడు చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. నీ బిర్యానీ దోస్తుల్లో ఒకణ్ని కూడా పిలువు. స్పీకర్ ఇంట్లో పెట్టి రమ్మను, బిర్యానీ తెస్తే తేనీ.