1930కి ఫోన్ చేస్తే పోయిన డబ్బు తిరిగి వస్తుందా?

"ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930కి ఫోన్ చేయమని ఊదరగొడుతున్నారు, నిజంగా ఉపయోగం ఉందా, ప్రభుత్వం ఇంకేమైనా చేస్తోందా" అని అడిగారు కదా. ఉపయోగం ఉంది, కాకపోతే ఎంత త్వరగా చేశారన్నదే లెక్క. మా బాబాయి డబ్బు పోయినప్పుడు పక్కన కూర్చుని ఫోన్ చేయించింది నేనే కాబట్టి, చూసింది చెబుతాను.

1930 కేంద్ర హోం శాఖ నడిపే వ్యవస్థ. 2021లో మొదలైంది, అప్పట్లో నంబరు 155260. మనం చెప్పిన వివరాలు ముందు మన బ్యాంకుకు, అక్కణ్ణించి డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తాయి. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే హోల్డ్‌లో పెడతారు. మరో ఖాతాకు దాటించేసి ఉంటే ఆ బ్యాంకు వెంట పడతారు. మోసగాళ్లు కమీషన్ ఇచ్చి వాడుకునే వేరేవాళ్ల ఖాతాల్లోకి ముక్కలు ముక్కలుగా పంపేస్తారు. ఏటీఎంలో తీసేశాక ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

బాబాయికి కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రికి సప్లై ఆపేస్తామని ఫోన్ చేసి, వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) పంపారు. అది ఇన్‌స్టాల్ చేయగానే ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్లిపోయాయి. ఆ ఫోన్‌లో నెట్ ఆపేసి, నా ఫోన్ నుంచి 1930కి చేశాం. ఏ బ్యాంకు, ఎంత, ఎన్ని గంటలకు, యూటీఆర్ నంబరు ఎంత అని అడిగారు. యూటీఆర్ అంటే ఏమిటో బాబాయికి తెలియదు, పైగా టెన్షన్. డబ్బు కట్ అయినట్టు వచ్చిన మెసేజ్‌లో రెఫ్ నంబర్ అని ఉండే పన్నెండంకెలే అది. ఫోన్ చేసే ముందే కాగితం మీద రాసుకోండి, చాలా టైమ్ కలిసొస్తుంది.

బ్యాంకుకు వెళ్తే కౌంటర్‌లో "1930కి చెప్పారుగా, ఇక్కడ మళ్లీ ఎందుకు" అన్నారు. ఊరుకోకండి. ఉత్తరం రాసిచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, లోపం మనదీ బ్యాంకుదీ కాకుండా మరెక్కడో ఉంటే, 3 పనిదినాల్లోపు చెబితే నష్టం మన మీద పడదు. ఓటీపీ మనమే చెప్పేసిన కేసులో, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన డబ్బు నష్టం మనదే. కానీ బ్యాంకుకు తెలియజేశాక కూడా డబ్బు పోతే అది బ్యాంకు భరించాలి. అందుకే ఆ ముద్ర మీద తేదీ ముఖ్యం.

హోల్డ్ అయింది కదా అని రేపే ఖాతాలో పడుతుందనుకోకండి. బాబాయి డబ్బులో సగానికి పైగా ఆగింది, అది కోర్టు ఆర్డరు తెచ్చుకున్నాకే చేతికొచ్చింది. మిగతాది రాలేదు. తెలంగాణలో ఇలాంటి కేసుల్ని లోక్ అదాలత్‌లో పెట్టి డబ్బు ఇప్పించారు కూడా, మీ పోలీస్ స్టేషన్‌లో అడిగి చూడండి.

ఇక మోసాన్ని ముందే ఆపే ప్రయత్నాల్లో నాకు బాగా నచ్చింది కలెక్ట్ రిక్వెస్ట్, అంటే యూపీఐలో అవతలివాళ్లు మన దగ్గర డబ్బు అడుగుతూ పంపే రిక్వెస్ట్, తీసేయడం. "పిన్ కొట్టండి, డబ్బు మీకే వస్తుంది" అని నమ్మించేవాళ్లకు అదే ఆయుధం. వ్యక్తుల మధ్య అలాంటి రిక్వెస్టుల్ని 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపేసింది. సైబర్ మోసాలతో జాగ్రత్త అని వందసార్లు కాలర్ ట్యూన్ వినిపించడం కన్నా ఇది నయం. బ్యాంకు వెబ్‌సైట్లకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామా, బ్యాంకు కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు కూడా తెచ్చారు. అయితే ఏపీకే ఫైల్ ఫోన్‌లోకి దిగాక, లేదా పోలీసులమంటూ వీడియో కాల్ చేసి, డిజిటల్ అరెస్ట్ అని భయపెట్టి మన చేతే డబ్బు పంపించుకున్నాక ఇవేవీ అడ్డుపడవు. చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదని ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఇంకోటి. కంప్లైంట్ ఇచ్చాక "సైబర్ సెల్ నుంచి, మీ డబ్బు రిలీజ్ చేయాలంటే ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి" అని ఫోన్ రావచ్చు. బాబాయికీ వచ్చింది. కంప్లైంట్ నంబరు ఎంతో చెప్పమని అడిగితే ఫోన్ పెట్టేశారు.