ఆబోతుకి హార్మోన్ సూది వద్దు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర. ఆరేళ్ల ఒంగోలు ఆబోతు ఉంది. దాటడంలో హుషారుగానే ఉంది కానీ జూన్ నుంచి దాటించిన ఆవుల్లో చాలావరకు తిరగపొర్లుతున్నాయి (చూలు నిలవక మళ్లీ ఎదకొస్తున్నాయి). మగ హార్మోన్ తగ్గిందని, టెస్టోస్టిరాన్ సూదులు వారానికొకటి వేయమని మందుల షాపులో చెప్పారు. వేయించమంటారా?

జవాబు: వద్దు. హుషారుగా దాటుతోందని మీరే రాశారు, ఇక హార్మోన్ తగ్గడం ఏమిటండీ? బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మెదడు అడుగున ఉండి వృషణాలకు ఆదేశాలిచ్చే పిట్యూటరీ గ్రంథి తన పని తగ్గించుకుంటుంది, దాంతో వృషణం లోపల సొంతంగా తయారయ్యే హార్మోన్ పడిపోతుంది, వీర్యకణాలను పెంచే సెర్టోలి కణాల్లో జన్యువులు సరిగ్గా పనిచేయాలంటే కావాల్సింది ఆ లోపలి హార్మోనే. అంటే సూది వేస్తే ఉన్నది కూడా పోతుంది.

నా అనుమానం రోహిణి కార్తె ఎండ మీద. మీరు పంపిన ఫొటోలో ఆబోతు రేకుల కింద కట్టేసి ఉంది, పైన తాటాకు కూడా లేదు. వృషణాలు ఒంటి వేడి కన్నా 2 నుంచి 5 డిగ్రీలు చల్లగా ఉండాలి. వేడెక్కితే విభజన దశలో ఉన్న కణాలు ముందు దెబ్బతింటాయి. తర్వాత గుండ్రటి కణం తోక ఉన్న వీర్యకణంగా మారేటప్పుడు డీఎన్‌ఏని చుట్టుకున్న హిస్టోన్లు అనే ప్రోటీన్లు పోయి ప్రోటమిన్లు అనే వేరే ప్రోటీన్లు వస్తాయి, డీఎన్‌ఏ గట్టిగా బిగుసుకుంటుంది, జన్యువుల పని ఆగిపోతుంది. అందుకే ప్రోటమిన్ల తయారీకి సూచనలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏని కణం ముందుగానే తయారుచేసి, గాదెలో గింజల్లా దాచుకుని, రోజుల తర్వాత వాడుకుంటుంది. ఈ బిగింపు సరిగ్గా కుదరని వీర్యకణం మైక్రోస్కోపులో చక్కగా ఈదుతూ కనిపించినా పిండం నిలవకపోవచ్చు.

వీర్యకణం తయారవడానికి 61 రోజులు, బయటికి రావడానికి ఇంకో 8 నుంచి 11 రోజులు. జూలైలో మీరు చూస్తున్నది మే నెల దెబ్బ.

రేకుల మీద తాటాకు గానీ వరిగడ్డి గానీ కప్పండి, ఎండాకాలం మధ్యాహ్నం 11 నుంచి 4 మధ్య రెండుమూడు సార్లు నీళ్లతో తడపండి, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. గన్నవరం పశువైద్య కళాశాలలో అడిగి వీర్యం పరీక్ష చేయించండి, 70 రోజుల తర్వాత మళ్లీ చేయించండి. అప్పటిదాకా ఎదకొచ్చిన ఆవులకు కృత్రిమ గర్భధారణే.

ఆవులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా జబ్బుకి రక్త పరీక్ష మాత్రం ఈ వారమే. అది ఉంటే ఆబోతు నుంచి దాటిన ఆవులకు అంటుకునే ప్రమాదం ఉంది. ఆ జబ్బు రాకుండా వేసే టీకా 4 నుంచి 8 నెలల పెయ్యలకే, మగ దూడలకు వేయకూడదు. పశువుని చూడకుండా కౌంటర్ మీద నుంచే సూది రాసిచ్చిన ఆ షాపాయన ఈ పరీక్ష ఊసైనా ఎత్తారా?