అప్పు కోసం కట్టిన గోడ

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నల్లజాతివారిని వేరుచేయడానికి కట్టిన గోడ ఒకటి ఆ నగరంలో ఇప్పటికీ ఉందని చెప్పాడు. దానిని కొందరు ఎయిట్ మైల్ గోడ అనీ, కొందరు బిర్‌వుడ్ గోడ అనీ, ఇంకొందరు వెయిలింగ్ వాల్ అనీ అంటారట. అసలు పేరు ఏది? కట్టింది ప్రభుత్వమేనా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. 1941లో ఆ గోడను కట్టించినవాడు ఒక ప్రైవేటు రియల్ ఎస్టేట్ వ్యాపారి; అయితే అతనికి ఆ అవసరం కల్పించినది ప్రభుత్వ గృహరుణ విధానమే.

కార్ల ఫ్యాక్టరీల్లో పనుల కోసం దక్షిణాది రాష్ట్రాల నుంచి వలస వచ్చిన ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు కొన్ని నగరం ఉత్తరపు అంచున, ఎయిట్ మైల్ రోడ్డుకు దిగువన, స్థలాలు కొనుక్కొని, బ్యాంకులు అప్పు ఇవ్వనందువల్ల చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఇళ్లు కట్టుకున్నాయి. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తాను అప్పు ఇచ్చేది కాదు. బ్యాంకు ఇచ్చిన ఇంటి అప్పు మునిగితే ఆ నష్టం తాను భరిస్తానని హామీ ఇచ్చేది. ఆ హామీ ఉన్న చోటనే దీర్ఘకాలపు గడువుతో సామాన్యుడికి అందే అప్పు పుట్టేది. నల్లజాతివారు నివసించే పేటలకు, వాటిని ఆనుకొని ఉన్న స్థలాలకు కూడా ఆ హామీ సాధారణంగా దొరికేది కాదు. వేరే జాతులవారు చొరబడకుండా సహజమైన అడ్డంకులు గాని, మనుషులు కట్టిన అడ్డంకులు గాని ఒక ప్రాంతాన్ని కాపాడతాయని ఆ సంస్థ తన అధికారుల కోసం రాసిన మార్గదర్శకాలలోనే ఉంది. పక్కనే తెల్లవారి కోసం ఇళ్లు కట్టదలచిన ఆ వ్యాపారికి మొదట హామీ నిరాకరించారు. రెండు పేటల మధ్య సుమారు ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడవున కాంక్రీటు గోడ కట్టిన మీదట హామీ దొరికింది.

ఆ గోడ మనిషిని ఆపగలిగేది కాదన్నది గమనించాలి. చివరిదాకా నడిచి చుట్టి వెళ్లవచ్చు. పిల్లలు దాని మీదకెక్కి నడిచేవారు. అది చేయవలసిన పని కాగితం మీద మాత్రమే: ఇటు అప్పుకు అర్హమైన నేల, అటు కానిది. అందుకే దీనిని ఇరుగుపొరుగుల ద్వేషానికి గుర్తుగా మాత్రమే చెప్పడం నాకు సమ్మతం కాదు; అలా చెబితే సంతకం పెట్టిన కార్యాలయం కథలో నుంచి తప్పుకుంటుంది. దొరల కాలంలో యూరోపియన్లు వాల్తేరు మెట్ట మీద బంగళాలు కట్టుకొని మన పాత పట్నానికి ఎడంగా ఉండగలిగారు గనుక ఇక్కడ గోడ అక్కరలేకపోయింది. అక్కడ నేల చదును, ప్లాటును ఆనుకొని ప్లాటు.

ఇక పేర్లు. జగదాంబ జంక్షన్‌కు సినిమా హాలు పేరు అంటుకున్నట్టే, ఈ గోడకూ జనం దగ్గర్లో ఉన్నదాని పేరే పెట్టుకున్నారు. గోడ బిర్‌వుడ్, మెండోటా వీధుల ఇళ్ల పెరళ్ల మధ్యగా సాగుతుంది కాబట్టి బిర్‌వుడ్ గోడ. ఉత్తరాన ఎయిట్ మైల్ రోడ్డు ఉంది కాబట్టి ఎయిట్ మైల్ గోడ. ఆ రోడ్డే డెట్రాయిట్‌కు ఉత్తరపు పొలిమేర; తరువాతి దశాబ్దాలలో నల్లజాతివారు ఎక్కువగా ఉండే నగరానికీ, తెల్లవారు ఎక్కువగా ఉండే శివార్లకూ అదే విభజన రేఖగా పేరుపడింది. అందువల్ల రెండో పేరు వినగానే ఒక్క గోడ కాక నగరమంతటి విభజన స్ఫురిస్తుంది. వెయిలింగ్ వాల్ అన్నది యెరూషలేములో యూదులు ప్రార్థించే పురాతన గోడకు ఇంగ్లిషులో ఉన్న పేరు. దుఃఖాన్ని సూచిస్తూ దీనికీ వాడారు. ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు. అయితే చోటు స్పష్టంగా తెలిపేది బిర్‌వుడ్ గోడ అన్న పేరే గనుక రాతలో నేను దానినే వాడతాను.

ఇళ్ల అమ్మకంలో, అద్దెలో, అప్పులో జాతి వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టం 1968లో వచ్చింది. అంతకు ముందే గోడకు రెండు వైపులా నల్లజాతి కుటుంబాలు చేరడం మొదలైంది. గోడను మాత్రం ఎవరూ పడగొట్టలేదు. మీ అబ్బాయి చూడదలిస్తే ఆల్ఫాన్సో వెల్స్ మెమోరియల్ ప్లేగ్రౌండ్‌కు వెళ్లమనండి. అక్కడి భాగం మీద 2006లో స్థానికులు, కళాకారులు కలిసి చిత్రాలు వేశారు. వాటిలో, బస్సులో తెల్లవారికి సీటు వదలనని నిలబడిన నల్లజాతి మహిళ రోసా పార్క్స్ బస్సు ఎక్కే దృశ్యం కూడా ఉంది. మిగిలిన గోడ ఎక్కువగా ఇళ్ల పెరళ్లలో ఉంది కాబట్టి అటు వెళ్లేముందు ఇంటివారి అనుమతి అడగడం మర్యాద.